ఒంటరికి రూము లేదు

రైల్వే స్టేషను ఎదర సందులో మూడంతస్తుల లాడ్జి.
కౌంటరు వెనక ఎర్ర అక్షరాల బోర్డు:
ఒంటరిగా వచ్చినవారికి రూములు ఇవ్వబడవు.
పదకొండేండ్లుగా దాని కిందే కూర్చోనుండాను.

ఈ మధ్యాన్నం ఆసుపత్రిలో
డాక్టరమ్మ మందుచీటీ తిరగేసి
నాలుగు సున్నాలు చుట్టింది, నా బిడ్డ మూర్ఛ గురించి.
"ఇవి నరాల కణంలో తయారయ్యే తునకలు.
మొదట రెండూ రెండూ జతకడతాయి,
ఆ తర్వాత జత పక్కన జత.
నాలుగింటి నడుమ మిగిలే సందే వాకిలి.
గ్లుటమేట్ వచ్చి తడితే తెరుచుకుంటుంది.
పాప నేర్చుకునేదానికి ఆ వాకిలే దారి."

ఆరేండ్ల లిఖిత పొద్దున దిద్దిన 'అ'
సాయంత్రానికి దానికే కొత్త.

"జత దొరకని తునక ఏమైతుంది మేడం?"
"కణం అంచుదాకా పోనివ్వరు. లోపలే ఆపేస్తారు.
కొంతసేపు చూసి, విరిచేస్తారు."
ఆపేది ఎవరని నేను అడగలా.

అలిపిరిలో డిక్కీ తెరిచినట్టు
ఒక్కోదాన్నీ తడిమి చూస్తారంట.
మడత సరిగ్గా పడందాన్ని పట్టుకోని
పుత్తూరు కట్టు కట్టినట్టు
నిలబెట్టే చేతులు కూడా ఉంటాయంట.
మా పాపది ఒకే ఒక్క అక్షరం తేడా.
ఆ తునక చెయ్యి చాపుతుంది,
పక్కది అందుకోదు.

రాత్రి ఒకటిన్నర.
కాట్పాడి బండి దిగి ఒకామె వచ్చింది,
చేతిలో గుడ్డసంచి, కొంగుకి మాత్రల వాసన.
"ఎంతమందమ్మా?"
బోర్డు చదివింది, నిదానంగా, కూడబలుక్కోని.
"నలుగురం. ముగ్గురు ఎనకాల వస్తా ఉండారు."

పదకొండేండ్లలో ఈ అబద్ధం ఎన్నిసార్లు విన్నానో.
ఎన్నిసార్లు మెట్లు దింపి పంపించినానో.
బస్టాండు బెంచీల మీద తెల్లారిందేమో వాళ్లకి,
నాకు తెలీదు, తెలుసుకోలా.

రిజిస్టరులో 'వ్యక్తులు' అనే గడిలో
నాలుగు అని రాసినా.
సంతకం ఒకటే పడింది, వంకరగా.
రెండువందల ఏడు తాళం ఇచ్చి
రూమ్‌బాయ్ చెంగల్రాయునితో
నాలుగు దిండ్లు పైకి పంపినా.

తెల్లార్లూ మెట్ల వైపు చూస్తానే ఉండాను,
ఎవరైనా నిజంగానే వస్తారేమో అని.

ఐదున్నరకి ఇంటినుంచి ఫోను:
"రాత్రి రెండుసార్లే వచ్చింది. ఇప్పుడు నిద్రపోతా ఉండాది."

పది గంటలకి ఆమె తాళం పెట్టి వెళ్లిపోయింది.
"అన్నా, మూడు దిండ్లు నలగనే లేదే,"
అన్నాడు చెంగల్రాయుడు.

నాలుగూ ఉతకమన్నా.