రెండు క్షణాల బాకీ

పాతది కొబ్బరికాయంత ఉండేది.
కొత్తది పెట్టెలోంచి తీయడానికి
ఎనెకో ఉరుటియా రెండు చేతులూ పెట్టాడు.
గుమ్మడికాయంత అల్యూమినియం నత్త,
దాని కడుపులో వేలితో తోస్తే తిరిగే రెక్కల చక్రం.
మార్చి చలికి నా షెడ్డులో గ్రీజు కూడా బిగుసుకుంది.
"మరీ ఇంత పెద్దదా?" అన్నాను.
అతను వెంటనే చెప్పలేదు.
వెంటనే ఎప్పుడూ చెప్పడు.

ఐడహో దక్షిణాన సేజ్ పొదల బయళ్ళలోంచి
డెబ్బై గొర్రెల్ని రెండంతస్తుల ట్రెయిలర్లో ఎక్కించి
వేసవి మేతకు కొండ మీదికి లాగాలి.
పాత టర్బో సగం ఎక్కేసరికే ఎర్రగా కాగేది.
కాలు తీస్తే బండి చచ్చేది,
తీయకపోతే పిస్టన్ కరిగేది.
వాళ్ళ తాత బాస్క్ కొండల నుంచి వచ్చి
ఇదే దారిన గొర్రెలతో నడిచి వెళ్ళాడట, పదకొండు రోజులు.
ఎనెకోకు పదకొండు రోజులు లేవు.

ఆరు బోల్టుల్లో ఒకటి తుప్పుకు తెగింది.
దాన్ని తొలిచి తీయడానికే శనివారం సరిపోయింది.

కెటిల్ ఎక్కుడు మొదట్లో
నేను పక్కన కూర్చున్నాను, అతను పెడల్ తొక్కాడు.
ఏమీ కాలేదు.
ఒకటి.
డీజిల్ వెళ్ళింది, గాలి రాలేదు;
వెనక అద్దం నిండా నల్లపొగ,
పొగలో తుమ్ముతున్న గొర్రెలు.
రెండు.
బూస్ట్ ముల్లు సున్నా మీద కూర్చుని
గోళ్ళు చూసుకుంటోంది.
అడగనిదే అమ్మైనా పెట్టదంటారు,
ఈ తల్లి అడిగాక కూడా
చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని,
వస్తున్నా, వస్తున్నా అంటుంది.

ఆ తర్వాత మా పాదాల కింద ఎక్కడో
సూదిమొనంత ఈల.
ఈల చిక్కబడింది. సీటు నా వీపు మీద చరిచింది.
డెబ్బై గొర్రెలూ ఒక్కసారి వెనక్కి ఒరిగిన చప్పుడు.
ఎక్కుడు మా కిందికి చాపలా చుట్టుకుపోయింది.

తప్పు ఎవరిదీ కాదు.
పొగ వస్తేనే చక్రం తిరుగుతుంది,
చక్రం తిరిగితేనే గాలి,
గాలి ఉంటేనే పొగకు బలం.
అప్పు కావాలంటే ముందు డబ్బు చూపించమనే
ట్విన్ ఫాల్స్ బ్యాంకు లాంటి వ్యవహారం.
చక్రం ఎంత పెద్దదైతే
ఆ మొదటి పైసా పుట్టడం అంత కష్టం.

నత్తకూ నత్తికీ మధ్య ఒక్క గుడి దూరం.
దాణా కొట్టులో అతని మాటలన్నీ
వేరేవాళ్ళే పూర్తి చేస్తారు.
లూసర్న్ గడ్డి అడగబోతే ఓట్లు బస్తా భుజాన పెడతారు,
అతను మోసుకుపోతాడు.
వాళ్ళనెందుకు అనాలి?
పోయిన శీతాకాలం నా బల్ల ముందు నిలబడి
"ఫి... ఫి..." అంటుంటే
"ఫిల్టరా?" అన్నాను, మార్చేశాను కూడా.
ఫిబ్రవరిలో డబ్బిస్తానని చెప్పబోయాడట.
ఫిబ్రవరిలో వచ్చి, ఫిల్టర్ డబ్బు కూడా కట్టి వెళ్ళాడు.

కొండ మీద ఆగి బానెట్ ఎత్తాం.
టర్బో చల్లారుతూ టిక్ టిక్ మంటోంది.
దీన్ని తోలే తీరు చెప్పాను:
ఎక్కుడు రాకముందే ఒక గేరు దించు,
రెండువేల దగ్గర ఇంజన్ను మేలుకోనీ,
అవసరం కళ్ళబడేలోపే అడిగి పెట్టుకో.
అదీ కాదంటే
ఎగ్జాస్ట్ వైపు చిన్న గూడు వేస్తాను,
ఆలస్యం సగమవుతుంది,
కాని పైన ఊపిరి కొంచెం తగ్గుతుంది.
"ఏమంటావు?"

అతని గడ్డం కింద ఒక నరం కదిలింది.
ఒకటి.
నా నాలుక మీదికి అప్పటికే రెండు జవాబులు వచ్చాయి,
రెండూ అతనివే అన్నట్టు.
మింగేశాను.
రెండు.
గాలికి సేజ్ వాసన, గొర్రెల వాసన,
కాలిన పెయింటు వాసన.
మూడు. నాలుగు కూడా అయిందేమో, లెక్క మానేశాను.

"బో... బోల్టు," అన్నాడు ఎనెకో,
"శనివారం అంతా పట్టింది కదా.
దానికి నువ్వు బిల్లు వేయలేదు."