పదహారులో నాలుగు

రాత్రి పదకొండు దాటాక కంటపడింది ఆ అంకె.
పదహారు ఉండాల్సిన చోట
నాలుగు.

నరసాపురంలో వలల దుకాణం మీద మేడగది నాది.
కింద నైలాను వాసన. పైన నేను,
ఓణీల ఫంక్షన్లూ పెళ్లిళ్లూ
కత్తిరించి అతికించే మిక్సింగ్ గది.
ఇంకా మూడు వాయిదాలు బాకీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు
నాలుగు దారుల్లో ఈడుస్తోందంటే
ముందు అమ్మినవాణ్ణే అనుమానించాను.

భీమవరం నుంచి ఖాదర్ వలీ ఫోన్లో నవ్వాడు.
"ఖాళీగా ఉన్నప్పుడు చూసుంటారండీ,
పనిలేకపోతే అది కునుకు తీస్తుంది.
పని చెప్పి చూడండి."
చెప్పాను. ఫ్యాన్లు ఈల వేశాయి,
వేగం లేచి కూర్చుంది.
దారులు మాత్రం నాలుగే.

డ్రైవర్ తీసి మళ్లీ వేశాను.
బయోస్‌లోకి దిగి చూస్తే
స్లాటు ఎదురుగా 'ఆటో' అని ఉంది.
ఆటో అంటే ఎవరి ఇష్టమో
ఎక్కడా రాసి లేదు.
తెల్లారేసరికి ఖాదర్ మాట మార్చాడు:
"బోర్డే పోయిందేమోనండీ. పన్నెండు వేలు."

పొద్దున్నే తాతబ్బాయి గారొచ్చారు
మనవరాలి ఓణీల వీడియో కోసం.
ముప్పై ఒక్క ఏళ్లు కాలవ మీద లస్కరు,
తూము తలుపులు ఎత్తీ దించీ
అరచేతులు చెక్కబారిన మనిషి.
ఆలస్యానికి ఏదో ఒకటి చెప్పాలిగా,
"పదహారు తలుపులండీ, నాలుగే లేస్తున్నాయి" అన్నాను.

ఆయన కంప్యూటర్ వైపు చూడను కూడా లేదు.
"తుప్పా? నాచా?
లేక పైన ఎవడన్నా తోడేసుకుంటున్నాడా?"
స్టూలు లాక్కుని కూర్చున్నారు.
"మూడోది పగలు కనపడదమ్మాయ్,
రాత్రిపూట గట్టు మీద నడవాలి."

కరెంటు తీశాను. బీరువా తలుపు ముట్టుకుని
ఒంట్లో మెరుపు దించుకున్నాను.
కొక్కెం నొక్కి కార్డు పైకి లాగితే
బంగారు పళ్ల వరసలో ఓ పక్క
గార పట్టినట్టు మసక.
ఇక్కడి గాలి కిటికీ ఊచల్నే తినేస్తుంది,
పళ్లెంత!
కింద కొట్టు పిల్లాడి రబ్బరు అడిగి తెచ్చి
ఒకే వైపుకి, మెల్లగా, రుద్దాను.
స్లాటులో ఊదితే
ఎవరి పెళ్లిదో ఓ చమ్కీ రేణువు ఎగిరిపడింది.
టక్‌మని కూర్చోబెట్టాను.

ఎనిమిది.

"సగం వచ్చాయండీ" అన్నాను.
"అయితే గట్టెక్కు" అన్నారాయన.

డబ్బా అడుగున దొరికింది బోర్డు తాలూకు పుస్తకం.
ఆవగింజంత అక్షరాలు, ముప్పై ఏడో పేజీ:
రెండో గూటిలో స్టోరేజి పెట్టినచో
మొదటి స్లాటు ఎనిమిదికి తగ్గును.
శ్రావణం పెళ్లిళ్లకి చోటు చాలక
ఆ గూటిలో కొత్త స్టోరేజి దూర్చింది ఎవరు?
నేనే.
గండి కొట్టిందీ నేనే,
నీళ్లు రాలేదని ఊరంతా తిట్టిందీ నేనే.

పీకి చూశాను. పదహారు వచ్చింది.
వీడియో నలభై నిమిషాల్లో దిగింది.
ఎనిమిదితో అయితే నలభై ఒకటి.
ఒక్క నిమిషం తేడా కోసం
రాత్రంతా నిద్ర మానుకున్నానా!

బోర్డుకి ఇంకో గూడు లేదు.
ఆ స్టోరేజిలో రెండు వందల పెళ్లిళ్లున్నాయి.
ఒకదాంట్లో ఫ్రేము అంచున
పులిహోర వడ్డిస్తూ నాగమణి గారు
కెమెరా చూసి గరిట అడ్డం పెట్టుకుంటారు.
నాలుగు సెకన్లు.
కిందటేడు ఆవిడ పోయాక
వాళ్లాయన రెండుసార్లొచ్చి చూసెళ్లాడు.
తిరిగి దాని చోట్లోనే పెట్టేశాను.

పెన్‌డ్రైవు జేబులో వేసుకుని
తాతబ్బాయి గారు మెట్ల దగ్గర ఆగారు.
"ఎంతకి తేలింది?"
"ఎనిమిదికండీ."
"చాలు. వంతులేసుకుని బతకొచ్చు."
అంటూనే నోట్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు.
చూస్తే సగమే.
"మిగతాది కోతలయ్యాక, ఆయ్"
అని దిగి వెళ్లిపోయారు.