మిగతా సగం

టార్టులో సాయంత్రం నాలుగు, అప్పటికే చీకటి.
ప్వెర్తో మోంత్‌లో ఎలియాసర్‌కి పొద్దున్న పదకొండు,
వెనకాల క్రేన్ల రొద.
మొంబాసాలో మ్వనాయిషాకి అయిదు;
కరెంటుంటే ముఖం కనిపిస్తుంది, లేకపోతే రెండక్షరాలు.
నెల్సన్‌లో మారమకి మాత్రం
రేపటి వేకువ మూడు.
పసిది లేవకుండా వంటింట్లో కూర్చుని
సగం మాట మింగేసి మాట్లాడుతుంది.
ఆమెలో చురుకు లేదని రిపోర్టులో రాసింది నేనే.

నలుగురం కలిసి
చేపల కంటైనర్లని సముద్రాలు దాటిస్తాం.
ఎవరు ఎంత పొడుగో ఎవరికీ తెలియదు.

ప్రతి మీటింగు చివరా అడుగుతాను,
"ఎవరికైనా అభ్యంతరమా?"
మూడు లెక్కపెడతాను.
మౌనం అర్ధాంగీకారం కదా అని
ఎర్ర బొత్తాం నొక్కేస్తాను.

జనవరిలో ఒక కంటైనర్
ఇరవై డిగ్రీల్లో పంతొమ్మిది రోజులు ప్రయాణం చేసింది.
సున్నాకి కింద ఉండాల్సిన ఇరవై.
పట్టికలో ఒక్క చిన్న గీత లేదు, అంతే.
రేవులో తలుపు తీసినవాడు
ముక్కు మూసుకుని వెనక్కి వెనక్కి నడిచాడట.

"ఎవరిది తప్పు, క్యూల్లీ?" పైనుంచి ఉత్తరం.
తలా నాలుగు వాక్యాలు రాశాం, మర్యాదగా.
ఎవరూ ఎవరినీ అనలేదు,
ఎవరూ ఎవరినీ వదల్లేదు.

ఆ రాత్రి రికార్డింగ్ పెట్టుకుని చూశాను.
నలభై రెండో నిమిషం. తెరంతా నా పట్టికే.
ఓ మూల తపాలాబిళ్ళంత ఎలియాసర్.
నేను ఒకటి, రెండు అంటుండగా
అతని పెదవులు కలిసి విడిపోయాయి, మళ్ళీ కలిశాయి.
వెనక్కి తిప్పి చూశాను, ఆరుసార్లు.
మైనస్, అంటున్నాడు. మైనస్, మైనస్.
బళ్ళో పిల్లాడిలా చెయ్యి కూడా ఎత్తాడు.
మైకు బొమ్మ మీద అడ్డగీత.

నేను పెట్టని గీత ఒకటి,
అతను తీయని గీత ఒకటి.

ఈ వారం మీటింగు మారమకి ఎండపూట.
నాకు తెల్లవారుజాము అయిదు, ఎలియాసర్‌కి నడిరాత్రి.
ఎవరో ఒకరి నిద్ర ఖర్చు కావాల్సిందే.
మారమది ఇంత పెద్ద గొంతని ఇవాళే తెలిసింది,
పగలబడి నవ్వుతుంది కూడా.

"అభ్యంతరమా?" అన్నాను.
లెక్కపెట్టలేదు.
మ్వనాయిషా వైపు ఎవరో బిందెలో నీళ్ళు పోస్తున్నారు.
ఎలియాసర్ ఆవలింత మధ్యలో ఆగిపోయింది:
ఆలోచనో, తెర బిగుసుకుపోయిందో.

ఇంకా నాకు తేడా తెలియదు.
బొత్తాం మీంచి వేలు తీసి
కాఫీ కలుపుకోవడానికి లేచాను,
మైకు తెరిచే ఉంచి.