ఒక్క గంట

నడవరానోళ్లొచ్చే దవాఖానకు
పదారు మెట్లు.
లిఫ్టు పెట్టిస్తనని ఓనరు అంటనే ఉన్నడు
మూడేండ్ల సంది.
నల్లగొండ రామగిరిల, మందుల దుకాణం మీద
మా నరాల డాక్టరమ్మ క్లినిక్కు.
మెట్ల కింద చెప్పులు చూస్తే నాకెరుకైతది
పైకెవరొచ్చిండ్రో:
జతల ఒక్కటే అరిగిందంటే
ఆ కాలు ఈడ్చుకుంట ఎక్కినట్టు.

టోకెన్లు రాసేది నేనే.
పదకొండు, గట్టుప్పల నుంచి మగ్గమాయన.
యాభై ఏండ్లు దారానికి చిటికి కట్టిన వేళ్లు
ఇప్పుడు చాయ గ్లాసు పట్టుకుంటే
గ్లాసే వణికి ఏదో చెప్పబోతది.
పన్నెండు, మర్రిగూడ మైసయ్య.
ఊరి నీళ్లు ఎముకల కూసున్నయ్.
పిలిస్తే మెడ తిప్పడు,
మనిషంతా తిరుగుతడు, తలుపు లెక్క.
పదమూడు, ఏడేండ్ల పిలగాడు.
"మూర్ఛ అని రాయకు బిడ్డా, తలనొప్పని రాయి"
అన్నది వాళ్లమ్మ. రాసిన.
డాక్టరమ్మ కొట్టేసి మళ్ల రాసింది.

పద్నాలుగు, అండాలు.
దేవరకొండ బస్సు మీద కండక్టరు.
ఇరవై రెండేండ్లు టికెట్లు కొట్టిన మనిషి
నేనిచ్చిన టోకెను ఎడమచేత్తో తీసుకొని
అటు తిప్పి ఇటు తిప్పి చూస్తది
రేటు తప్పు పడ్డదేమో అన్నట్టు.
పక్షవాతం ఆమె కుడిపక్కనూ మాటనూ
ఒక్క స్టేజీలనే దించి పోయింది.

మాట నేర్పే గంటకు నాలుగు వందలు.
ఫర్హానా మేడం బొమ్మలు చూపిస్తది.
ఆవు బొమ్మ.
"కనగల్" అంటది అండాలు.
గొడుగు.
"దర్వేశిపురం."
తాళంచెవి.
"గుర్రంపోడ్. కొండమల్లేపల్లి."
అక్కడ ఆగుతది. దేవరకొండ రాదు.
నోరు తెరిచే ఉంటది
డోరు పడని బస్సు లెక్క.
తప్పంటున్నదని ఆమెకు తెలుసు. కష్టమంతా అదే.
కోపమొచ్చి బొమ్మలన్నీ కిందేస్తది,
మళ్ల తనే వంగి ఏరి
చిన్నయి కింద, పెద్దయి మీద
నోట్లు సర్దినట్టు సర్దుతది.

పక్కగదిల రెండు ఇనుప కడ్డీల నడుమ నడిపిస్తరు.
"ఎయ్యమ్మా, కాలెయ్యి" అంటడు ఫిజియో పిలగాడు.
కుడికాలు రానంటది.
ఒకనాడు ఆ కాలు దిక్కే చూసుకుంట
ఆమెనే అన్నది:
"రైట్... రైట్."
బెత్తెడు కదిలింది.

పైసలు కట్టేది సైదులు, ఆమె పెనిమిటి.
ఐదు వందల నోటిస్తే
"చిల్లర లేదా" అన్న, అలవాటుల.
అండాలు చటుక్కున నా మొఖంల చూసింది
తన సంచిలకెళ్లి నేనేదో
ఎత్తుకపోయినట్టు.

ఆ సైదులు ఒకనాడు రిజిస్టరు మీదికి వంగి
మెల్లగ అన్నడు:
"అన్ని ఊర్లొస్తున్నయ్ నోటికి.
నా పేరొస్తలేదు."
ఏమనాలె నేను?
ఆయన పేరు ఆ తొవ్వల లేదు.

మొన్న శుక్రారం
స్టూలు గుంజుకొని ఆమె ముందట కూసున్నడు.
మేడంను అడగనన్నా అడగలే, షురూ చేసిండు.
"కనగల్."
"కనగల్."
"దర్వేశిపురం."
"దర్వేశిపురం."
"గుర్రంపోడ్."
ఆమె గొంతుల బండి కొంచెం వేగమందుకున్నది.
"గుర్రంపోడ్."
"సైదులు."

ఫ్యాను చప్పుడు.
తలుపుకాడ నేను, ఫిజియో పిలగాడు,
అప్పుడే బయటికి పోతున్న మైసయ్య
మనిషంతా తిరిగిండు.
ఆమె పండ్లు కలిసినయ్.
ఉట్టి గాలొచ్చింది.
మళ్లొకసారి, గాలే.

అప్పుడు ఎడమచెయ్యి నెత్తి మీదికి లేపి
ఆడ లేని తాడును దొరకబట్టి
గుంజింది.
ఒక్కసారే.

ఫైలుల ఏం రాయాలెనో
ఫర్హానా మేడంకు సమజ్ కాలే.
ఆ బస్సెక్కి తిరిగినోళ్లం, మాకు తెలుసు:
రెండు గంటలు కొడితే బండి కదులుతది.
ఒక్క గంట కొడితే
ఆ స్టేజీల ఆగాలె.