పాత కొలతలు

బ్రోనిస్వావా గారి కంప్యూటర్ మొరాయిస్తోందని
నవంబరులో, గురువారం, కబురొచ్చింది.
వూచ్ నగరంలో ట్రాము దిగి
మూడు లోగిళ్లు దాటితే ఆమె కుట్టుగది.
బల్ల కింద నల్లటి డబ్బా,
దాని నెత్తిన సుద్దపొడి, దారపు పోగులు,
గుండుసూదులు దిగబడ్డ చిన్న దిండు.

"మొన్నటి కోటు చిటికెలో తెరుచుకుంటుంది.
పాతవి అడిగానా,
అప్పున్నవాడిలా మొహం చాటేస్తుంది."
జబ్బు పేరు ఆవిడ అప్పుడే చెప్పేసింది.
నేను వినిపించుకోలేదు,
స్క్రూడ్రైవర్ వెతుక్కుంటున్నాను.

మేనల్లుడు సెవెరిన్ తీర్పు చెప్పి పోయాడట:
పారెయ్, కొత్తది కొను.

మూత విప్పాను.
ఎస్‌ఎస్‌డీ, అరచేతిలో ఇమిడే పలక.
తిరిగే చక్రం లేదు, గీకే ముల్లు లేదు.
పాత డిస్కులు పోయేముందు
టకటకా కొట్టుకుని చెప్పి పోయేవి.
ఇది చెప్పదు.

కేబుల్ మార్చాను.
నిదానం సాకెట్లోంచి పీకి వేగం సాకెట్లో గుచ్చాను.
పన్నెండు జీబీలే ఖాళీ,
ఊపిరాడటం లేదేమోనని
ఎవరివో సినిమాలు తీసి బయట పెట్టాను.
ట్రిమ్ ఆన్‌లోనే ఉంది.
వేడి ముప్పై నాలుగు.
ఆరోగ్యం తొంభై ఒక్క శాతం, నాకంటే నయం.
వేగం కొలిస్తే సెకనుకు ఐదువందల ఎంబీ.
గుర్రం!
"చూశారా" అన్నాను.

ఆమె మాట్లాడకుండా మౌస్ అందుకుని
పదేళ్ల కిందటి నాటకంలో
సేనాపతి కోటు మీద నొక్కింది.
టీ మరిగింది. పోసింది. నిమ్మచెక్క వేసింది.
నేను సగం తాగాను.
అప్పుడు తెరుచుకుంది,
ముందు ఎడమ చెయ్యి,
చాలాసేపటికి కాలరు.

సిగ్గేసింది.
నేను కొలిచింది అప్పుడే నేను రాసిన ఫైలుని,
పదేళ్లుగా ఎవరూ ముట్టనివాటిని కాదు.

ఎలా చెప్పను?
ఒక్కో గదిలో చిటికెడు కరెంటు పోసి మూత పెడతారండీ,
ఆ మట్టాన్ని బట్టే అక్షరం.
ఏళ్లకేళ్లు మట్టం దిగుతుంది.
సున్నానా, ఒకటా,
మళ్లీ చూస్తుంది, మళ్లీ చూస్తుంది.
పోలేదు. పోల్చుకోలేకపోతోంది.

"మందు?"
అన్నీ బయటికి తీసి మళ్లీ లోపల పెట్టడమే.
"ఓస్, ఇంతేనా!"
ఉన్ని కోట్లు ఏటా చలికి ముందు తీసి
దులిపి, మడత మార్చి పెడుతుందట.
ఒకే మడత మీద పడుకోబెడితే
బట్ట ఆ గీత వెంటే తెగుతుంది.
"డిస్కులు చేసేవాళ్లకి ఈ ముక్క
ఏ దర్జీ చెప్పలేదా?"

రాత్రంతా కాపీ నడిచింది.
తెర మీద పేర్లు పోతున్నాయి:
సేనాపతి, రెండో అంకం, నడుము నూట పన్నెండు.
బేకరీ కజిమ్యెరా.
పేరు లేని ఒకాయన,
"కుడికాలు పొట్టి, ఎందుకని అడక్కు."
మూడింటికి ఒక ఫైలు దగ్గర ఆగిపోయింది.
ఇద్దరం కుర్చీల్లోంచి లేచాం.
ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డాం.
కదిలింది.

తెల్లారి సేనాపతిని పిలిస్తే
ఆమె వేలు లేవకముందే వచ్చి నిలబడ్డాడు.

డబ్బుల మాట ఎత్తితే
టేపు తీసి నా వీపు మీద పరిచింది.
"ఎడమ భుజం సెంటీమీటరు దిగింది, జ్యెమోవిత్.
సంచి ఈ వైపుకి మార్చు."
నా కొలతలు టైపు చేసింది.
సేవ్ నొక్కీ నొక్కగానే పడ్డాయి.

"వచ్చే ఏడు చలికి ముందు రా,
నిన్నూ తీసి దులపాలి."