నిన్నటి అపాయింట్‌మెంట్

గురువారం పొద్దున్నే
టాన్ రుఫీనా గరాజ్ షట్టర్ పైకి లేపుతుంది.
సగం దాకా లేచి అక్కడే మొరాయిస్తుంది అది.
ముసలి సైనికులు తలలు వంచి లోపలికొస్తారు.
ఇరవై రెండేళ్ళు సైన్యంలో లారీలు బాగుచేసిన మనిషి
ఇంటి షట్టర్ జోలికి మాత్రం పోదు.
"వంగనీ, నా ముందైనా ఒక్కసారి" అని
పళ్ళన్నీ కనపడేలా నవ్వుతుంది.

గువామ్ దీవికి దక్షిణపు కొస, ఉమాటక్.
ఇక్కడి అడవిలో పిట్ట కూయదు.
ఏనాటి ఓడలోనో
దొంగతనంగా దిగిన పాములు
గూళ్ళన్నీ ఊడ్చిపెట్టాయి.
మిగిలినవి సాలెగూళ్ళే,
చెట్టుకీ చెట్టుకీ మధ్య ఆరేసిన వలల్లా.

టున్ ఫెలిస్‌కి ఆ తేడా తెలీదు.
ఫిరంగి పక్కన నిలబడ్డ రెండేళ్ళలోనే
ఆయన చెవుల్లోంచి పిట్టలు ముందుగా లేచిపోయాయి.
ఇప్పుడక్కడ ఒకే ఒక్క కీచురాయి,
రాత్రనక పగలనక.

నా పని కాగితాలు నింపడం.
నా మోకాలు కూడా కాబూల్ శివార్లలో
సగం ఉండిపోయింది కాబట్టి
నా ముందు కూర్చోవడానికి వీళ్ళకి సిగ్గుండదు.

పెద్దాసుపత్రి హోనొలులూలో ఉంది.
ఏడు గంటలకు పైగా సముద్రం మీద.
గురువారం పొద్దున ఎక్కితే
బుధవారం సాయంత్రం దిగుతాం.
"మనకి మందు నిన్ననే ఇవ్వాల్సింది,
అందుకే నిన్నటికి పంపిస్తున్నారు"
అంటాడు టున్ విసెంటే.
అందరూ నవ్వుతారు,
గోడ మీది ఫోటో తప్ప.
ఆ ఫోటోలో మనిషికి మంజూరైన ఉత్తరం
తొమ్మిది రోజుల ప్రార్థనల్లో
ఆరో రోజున వచ్చింది.
రుఫీనా దాన్ని చించలేదు, దాచలేదు.
ఫోటో వెనక దోపింది.

ఇవాళ విసెంటే వంతు.
మేజోడు విప్పాడు.
రెండు వేళ్ళు లేవు, మూడోది నల్లబడుతోంది.
కుర్రతనంలో వీపున డబ్బా కట్టుకుని
స్థావరం కంచె పొడుగునా
కలుపు చచ్చే మందు కొట్టాడట.
"గడ్డి మూడు రోజుల్లో పోయేది,
నేనే కాస్త మొండిఘటం."

కాగితం అడుగుతోంది:
ఏ దేశంలో ఉండగా సోకింది?
కింద దేశాల జాబితా, పక్కన గళ్ళు.
వేలు పెట్టి ఒక్కొక్కటీ దాటించాను.
ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు.
చివరికి, "ఇల్లు అని రాయి" అన్నాడు.
ఆ గడి లేదు, టున్.
"అయితే గీయి."

గీశాను. స్కేలు పెట్టి మరీ.

రుఫీనా ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.
మీ పిలుపు మాకు ఎంతో విలువైనది,
దయచేసి వేచి ఉండండి.
ఎర్ర అన్నం గిన్నె బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగింది.
వంటింటి మిరపకాయలు అయిపోయాయి.
వాన వచ్చి, వెళ్ళిపోయింది.
అదే పియానో, అదే ముక్క.

చెవిటివాడి ముందు శంఖం అంటారు.
మా దగ్గర శంఖం ఉన్నదే చెవిటివాడి చేతిలో.
తాత ఇచ్చిన పాత శంఖం అది, పడవల్ని పిలిచేది.
అవతల ఎవరో "హలో" అన్న సంగతి
టున్ ఫెలిస్‌కి తెలీదు.
విసుగెత్తి ఊదాడు.
రేకులు అదిరాయి.
పొరుగింటి కుక్క సముద్రం వైపు పరుగెత్తింది.

"ఏమిటా చప్పుడు?" అంది గొంతు.
చిన్నపిల్ల గొంతు, నిద్రచాలని గొంతు.
"హాజరు పలుకుతున్నాం," అంది రుఫీనా.
"రాసుకోమ్మా.
విసెంటే మెనో. ఎడమ కాలు.
ఎక్కడ సోకిందో చెబుతాను,
నీ దగ్గర గడి లేదు, ఎక్కడో ఓచోట రాసుకో."

కాసేపు ఏమీ లేదు.
తర్వాత టకటక కీబోర్డు.

ఏమైందని నా మొహంలోకి చూశాడు ఫెలిస్.
ఆయన అరచెయ్యి తీసి బల్ల మీద బోర్లించి
పక్కనే నా వేలితో కొట్టాను,
ఆ పిల్ల ఒక్కో అక్షరం కొడుతున్నప్పుడల్లా.