పద్దెనిమిది

డునెడిన్‌లో జూలై. తెరిపివ్వని సన్నజల్లు.
మర్డో రెండు వారాలుగా ధరలు వేసుకుంటున్నాడు.
గ్లైకాల్ చిల్లర్ కొనాలంటే కారు అమ్ముకోవాలి.
తడిగుడ్డ చుట్టిన బకెట్‌ సంగతి తెలిసిందే:
వేసవిలో కాచిన బీరు మగ్గిన అరటిపండు కంపు కొట్టింది,
మొహమాటానికి తాగినవాళ్ళు మళ్ళీ గడప తొక్కలేదు.

పూలకొట్టు ఎత్తేసిన ఎఫీ దగ్గర చివరికి
పాత ఫ్రిజ్ దొరికింది.
తలుపు రబ్బరులో ఇంకా లిల్లీల వాసన.
దానికో బుల్లి కాపలాదారు, రెండు సాకెట్ల పెట్టె.
వేడెక్కితే ఫ్రిజ్‌ని తట్టి లేపుతుంది,
చల్లబడితే బకెట్ నడుముకున్న పట్టీని వెచ్చబెడుతుంది.
పద్దెనిమిది డిగ్రీలు. అటూ ఇటూ ఓ అర.

గరాజ్‌లో బుడగ.
కాసేపాగి, ఇంకో బుడగ.

హాల్లో పదకొండు.
కోటు విప్పకుండానే టీ తాగుతూ
రోనా అడిగింది:
"ఆ ఫ్రిజ్‌లో ఇంకొకరికి చోటుందా?"